మాస్టారింటి బీరువాలో మూతపడ్డ ఫ్యాక్టరీ

గాజులవ్యాపారి కూతురు అమెరికా నుంచి చీరల్లో చుట్టి తెచ్చిన ఫెంటన్ సామాన్లు

తెనాలి: తెనాలికి పది కిలోమీటర్ల దూరంలో, కాలువ గట్టునున్న ఒక గ్రామంలో రిటైరైన సైన్సు మాస్టారు ఒకరున్నారు. పిల్లల చదువు గురించి సలహా అడగవచ్చినవారు కానీ, ఓట్లకు వచ్చినవారు కానీ వారింట్లో అడుగుపెట్టగానే మొదట చూసేది హాల్లోని అద్దాల బీరువాను. అందులో వెండిసామాన్లు లేవు. మాస్టారికి వచ్చిన సన్మానపత్రాలూ లేవు. అడుగు నుంచి పై అర దాకా ఉన్నవన్నీ గాజుసామాన్లే.

పాలలా తెల్లగా ఉండి ఒళ్ళంతా బుడిపెలున్న గిన్నెలు, కుంకుమపువ్వు రంగు పూలకూజాలు, చీర కుచ్చిళ్ళలాగా అంచులు మడతలుపడ్డ పళ్ళేలు, అరచేతిలో ఇమిడే చిన్న గాజుపిట్ట, నీళ్ళమీద కిరసనాయిలు పడితే తేలే రంగులన్నీ ఒంటినిండా పులుముకున్న ఒక పాతపళ్ళెం. మొత్తం 31. అన్నీ ఒకే కంపెనీవి. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, ఒహాయో నది ఒడ్డున విలియమ్స్‌టౌన్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1907 నుంచి 2011 వరకు గాజుసామాను చేసిన ఫెంటన్ ఆర్ట్ గ్లాస్ కంపెనీవి ఇవి.

ఈ విలేకరి ఏడో తరగతిలో సైన్సు నేర్చుకున్నది ఆయన దగ్గరే. పేపర్లో రాస్తానంటే ఒక షరతు పెట్టారు. "నా పేరు రాయకు బాబూ. ఇవి కూడబెట్టింది నేను కాదు, మీ అమ్మగారు. ఆవిడ పేరూ వద్దు. సామాను సంగతి రాయి" అన్నారు.

మలారం మోసిన ఇంటి ఆడపడుచు

అమ్మగారి పుట్టింటివారు గాజుల వ్యాపారం చేసేవారు. తండ్రి భుజాన మలారం వేసుకొని పండగలకు, సీమంతాలకు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవారట. ఎక్కడో ఉత్తరాదిన ఫిరోజాబాద్‌లో చేసిన గాజులు బెజవాడ టోకు దుకాణాలకు వచ్చి, అక్కడినుంచి ఆయన మలారంలోకి చేరేవి. గాజు మంచిదో కాదో వేలిగోటితో మీటి, చప్పుడు విని చెప్పడం ఆవిడకు చిన్నప్పుడే వచ్చింది.

మన భాషలో చేతికి వేసుకునే గాజుకూ, అది తయారయ్యే పదార్థానికీ ఒకే మాట ఉంది. సౌభాగ్యం అన్నా గాజే, పగిలిపోయేదన్నా గాజే.

వీరి అమ్మాయి, అల్లుడు ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో ఉద్యోగాలు చేస్తున్నారు. 2009 వేసవిలో దంపతులిద్దరూ మొదటిసారి అక్కడికి వెళ్ళారు. ఒక ఆదివారం పాతసామాన్ల దుకాణంలో అమ్మగారు తెల్ల బుడిపెల గిన్నె ఒకటి చేతిలోకి తీసుకొని, అలవాటు చొప్పున గోటితో మీటారు. చప్పుడు నచ్చింది. ధర పన్నెండు డాలర్లు. ఎవరు చేశారని అడిగితే, ఆ ఫ్యాక్టరీ కారులో రెండు గంటల దూరంలోనే ఉందని, వెళ్ళినవారికి పని చూపిస్తారని దుకాణదారు చెప్పాడు. మరుసటి వారం నలుగురూ వెళ్ళారు. అది మొదలు ఆవిడ నాలుగు ప్రయాణాల్లో 38 వస్తువులు తెచ్చారు. ఒక్కొక్కదాన్ని పాత నేతచీరలో చుట్టి, పెట్టెలో బట్టల నడుమ పెట్టి తెచ్చారు. దారిలో దెబ్బతిన్నది ఒక్కటే. ఒక గాజుబుట్టకు పిడి విరిగింది. ఆవిడ దాన్ని పారేయలేదు. పిడి లేకపోయినా బుట్ట బుట్టేనని చెప్పి అందులో మల్లెపూలు పోసేవారు.

అన్నదమ్ములు పెట్టిన కంపెనీ

ఫెంటన్ కంపెనీ కథ మన ఊళ్ళలో అన్నదమ్ములు పెట్టుకునే మిల్లు కథలాగే ఉంటుంది. ఫ్రాంక్ ఫెంటన్, ఆయన అన్న జాన్ కలిసి 1905లో ఒహాయోలోని మార్టిన్స్ ఫెర్రీలో పని ప్రారంభించారు. అప్పటికి వారికి సొంత కొలిమి లేదు. ఇతర ఫ్యాక్టరీల నుంచి సాదా గాజుసామాను కొని, దానిమీద రంగులు వేసి అమ్మేవారు. కొన్నాళ్ళకు ఆ ఫ్యాక్టరీలవారు వీరికి సరుకు ఇవ్వడం మానేశారు. ఇక గత్యంతరం లేక సొంత ఫ్యాక్టరీ కట్టుకున్నారు. 1907 జనవరి 2న విలియమ్స్‌టౌన్‌లో వారి మొదటి వస్తువు తయారైంది.

ఆ ప్రాంతంలో గాజు ఫ్యాక్టరీలు గుంపుగా వెలిశాయి. అందుకు కారణం నేలలో దొరికే సహజవాయువు, గాజుకు పనికొచ్చే ఇసుక. గాజుకు ముడిసరుకు ప్రధానంగా ఇసుక, సోడా, సున్నం. వాటిని కరిగించాలంటే రాత్రీ పగలూ ఆరని కొలిమి కావాలి. కొలిమికి గ్యాసు చవకగా దొరికినంతకాలం వ్యాపారం బాగుంటుంది.

అన్నదమ్ములు ఎక్కువకాలం కలిసిలేరు. అన్న జాన్ విడిపోయి 1909లో ఒహాయోలోని మిల్లర్స్‌బర్గ్‌లో వేరే ఫ్యాక్టరీ పెట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1911లో అది దివాలా తీసింది. విచిత్రమేమంటే, కొద్దికాలమే నడిచిన ఆ ఫ్యాక్టరీ సామానుకు ఈనాడు సేకరించేవారిలో గిరాకీ చాలా ఎక్కువ. తక్కువగా దొరికేదానికి విలువ ఎక్కువన్నది అక్కడా ఇక్కడా ఒకటే.

జాతరలో బహుమతి

మాస్టారి బీరువాలో కిరసనాయిలు రంగుల పళ్ళెం ఉందని పైన రాశాము. 1907 చివర్లో ఫెంటన్ వారు మార్కెట్లోకి తెచ్చిన రకం అది. అచ్చులోంచి తీసిన గాజు ఇంకా వేడిగా ఉండగానే దానిమీద లోహ లవణాల ద్రావకం చల్లుతారు. అది పైన పల్చటి పొరలా అంటుకుంటుంది. ఆ పొరమీద వెలుగు పడినప్పుడు నెమలికంఠం రంగులు కనబడతాయి. ధనవంతుల ఇళ్ళల్లో ఉండే ఖరీదైన టిఫనీ గాజుకు ఇది పేదవాడి జత అని పేరుపడింది.

కొన్నేళ్ళకు ఈ మోజు తగ్గింది. మిగిలిన సరుకును చవకగా అమ్మివేశారు. జాతరల్లో రింగులు విసిరి గెలిచినవారికి బహుమతిగా ఇచ్చేవారు. అందుకే తరువాతికాలంలో దానికి కార్నివాల్ గ్లాస్, అంటే జాతర గాజు అని పేరు వచ్చింది. అప్పట్లో ఊరికే వచ్చిందని పొయ్యి పక్కన పడేసిన పళ్ళేల కోసమే ఇప్పుడు వేలంపాటల్లో పోటీ పడుతున్నారు.

నిలబెట్టిన సీసా

1929లో అమెరికాలో గొప్ప ఆర్థికమాంద్యం మొదలైంది. జనం దగ్గర అలంకరణ సామాను కొనే డబ్బు లేదు. ఫెంటన్ వారు పిండి కలుపుకొనే గిన్నెలు, నారింజరసం పిండుకొనే గాజుపళ్ళేలు చేసి రోజులు గడిపారు. ఆ సమయంలో చికాగోలోని రిస్లీ అనే సెంటు కంపెనీ 1938లో బుడిపెల సీసాలకు ఆర్డరిచ్చింది. సెంటు వాడినవారు సీసాను దాచుకున్నారు. ఆర్డర్లమీద ఆర్డర్లు వచ్చాయి. కంపెనీ నిలదొక్కుకుంది.

ఆ బుడిపెల నమూనానే 1950లలో పాలగాజులో చేస్తే ఇంటింటా చేరింది. పూలకూజాలు, గిన్నెలు, ఉప్పుబుడ్లు, దీపాలు, కొవ్వొత్తి కుందెలు, ఇలా ఎన్నో రకాలు వచ్చాయి. అమ్మగారు మొదట మీటి చూసిన గిన్నె ఈ జాతిదే. ఆ గిన్నెలో ఆవిడ చాలాకాలం కుంకుమ పోసి దేవుడి గూట్లో పెట్టుకున్నారు. తెల్లటి గాజులో ఎర్రటి కుంకుమ చూడముచ్చటగా ఉండేదని ఇరుగుపొరుగు ఇప్పటికీ చెప్పుకుంటారు.

1948లో మరో గండం వచ్చింది. కంపెనీ నడిపిస్తున్న పెద్దవారు ఫ్రాంక్, రాబర్ట్ ఇద్దరూ అదే సంవత్సరం కన్నుమూశారు. భారం ఫ్రాంక్ కుమారులు చిన్న ఫ్రాంక్, బిల్‌ల మీద పడింది. చిన్నవాడు బిల్‌కు అప్పటికి పాతికేళ్ళు. వారిద్దరి హయాంలోనే కంపెనీ మంచిరోజులు చూసింది.

కుచ్చిళ్ళు పోసే చేతులు

ఫ్యాక్టరీలో తాము చూసినదాన్ని మాస్టారు పాఠం చెప్పినట్లు వివరించారు. ఒకడు పొడుగాటి ఇనపకడ్డీని కొలిమిలో ముంచి, తేనెలా సాగే గాజుముద్దను తిప్పుతూ తీస్తాడు. తిప్పడం ఆపితే ముద్ద జారిపోతుంది. రెండోవాడు దాన్ని పోత ఇనుము అచ్చుమీద కావలసినంత కత్తిరించి, మీట లాగి అదుముతాడు. మూడోవాడు అచ్చులోంచి తీసినదాన్ని మళ్ళీ సెగకు పెడతాడు. నాలుగోవాడు బల్లమీద కూర్చొని, మెత్తబడిన అంచును పనిముట్టుతో కుచ్చిళ్ళు కుచ్చిళ్ళుగా మడతలు పెడతాడు. ఆ పనికి దొరికేది కొద్ది క్షణాలే. ఆ తరువాత గాజు మాట వినదు.

అంతటితో పని పూర్తి కాదు. వేడి గాజును ఒక్కసారిగా చల్లార్చితే పగుళ్ళిస్తుంది. పొడుగాటి సొరంగంలాంటి పొయ్యిలో కదిలే పట్టామీద పెట్టి, గంటల తరబడి నెమ్మదిగా చల్లారుస్తారు. వేడి గాజుగ్లాసులో చన్నీళ్ళు పోస్తే ఎందుకు చిట్లుతుందని పిల్లలను అడిగే ప్రశ్నకు జవాబు అదేనని మాస్టారు చెప్పారు.

ఆ తరువాత గాజుమీద కుంచెతో పూలు దిద్దే స్త్రీలు ఉండేవారు. దిద్దినవారు అడుగున తమ పేరు రాసేవారు. అమ్మగారికి అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదేనట. మన ఊళ్ళో చీర నేసినవాడి పేరు చీరమీద ఉండదు, కుండ చేసినవాడి పేరు కుండమీద ఉండదు అని ఆవిడ చాలాసార్లు అనేవారట.

గుర్తుపట్టడం ఎలా?

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు మన జిల్లాలో తక్కువేమీ కాదు. అక్కడికి వెళ్ళినప్పుడు ఇలాంటి సామాను కంటబడితే పనికొస్తాయని మాస్టారు చెప్పిన కొన్ని గుర్తులు ఇవి.

ఫెంటన్ వారు మొదట్లో సామానుమీద కాగితపు చీటీలే అంటించేవారు. కడిగితే అవి ఊడిపోయేవి. గాజులోనే కోడిగుడ్డు ఆకారపు గీతలో కంపెనీ పేరు అచ్చుపోయడం 1970లో మొదలై, కొన్నేళ్ళలో దాదాపు అన్నింటికీ వచ్చింది. అందుచేత ముద్ర లేనిదల్లా నకిలీ అనుకోరాదు, అది పాతదీ కావచ్చు. ముద్రలో చిన్న 8 అంకె ఉంటే 1980లలోది, 9 ఉంటే 1990లలోది, 0 ఉంటే 2000 తరువాతది.

కంటికన్నా వేలు నమ్మదగినది. అంచుచుట్టూ, అడుగుచుట్టూ వేలితో నెమ్మదిగా తడిమితే చిన్న పెచ్చు లేచినా తెలుస్తుంది. వెలుతురుకు ఎత్తి చూస్తే వెంట్రుకంత పగులు కనబడుతుంది. లోపల మంచుపట్టినట్లు తెల్లబారితే, అది ఎంత కడిగినా పోదు. అలాంటిది కొనకపోవడం మంచిది.

కొన్ని పసుపుపచ్చ, లేత గులాబిరంగు సామాన్లలో యురేనియం కొద్దిగా కలిపేవారు. గులాబిరంగుకు బంగారం కూడా వాడేవారు. దొంగనోట్లు పట్టడానికి దుకాణాల్లో ఉంచే నీలిదీపం కింద పెడితే యురేనియం గాజు పచ్చగా వెలుగుతుంది. మాస్టారు తలుపులు మూసి చూపించారు. కరెంటు పోయిన గదిలో మిణుగురుపురుగు వాలినట్లు పళ్ళెం వెలిగింది. బీరువాలో పెట్టుకోవడానికి భయం అక్కరలేదని, అయితే అందులో పదార్థాలు పెట్టుకు తినవద్దని మాస్టారు చెప్పారు.

మరొక హెచ్చరిక. కంపెనీ మూతపడ్డాక దాని అచ్చులు కొన్ని ఇతర కంపెనీల చేతికి వెళ్ళాయి. పాత నమూనా కనబడినంత మాత్రాన పాత వస్తువని డబ్బు పోయరాదు. ధరలు కూడా వెనకటి అంత లేవు. సాధారణ పాలగాజు గిన్నె పదీ ఇరవై డాలర్లకే దొరుకుతుంది. కాబట్టి లాభానికని కొనేవారు ఆలోచించుకోవాలి.

మూస్తామనగానే ఎగబడ్డారు

ఇక అసలు సంగతి. 2007 ఆగస్టులో ఫెంటన్ వారు ఫ్యాక్టరీ మూసేస్తున్నామని ప్రకటించారు. గ్యాసు ఖర్చు పెరిగింది. విదేశాల నుంచి చవక సామాను వచ్చిపడింది. అమ్మమ్మల కాలంనాటి అలంకరణ సామాను కొత్త తరంవారికి అక్కరలేకపోయింది. అంతవరకు దుకాణంలో ఉన్నదాన్ని చూసి పక్కకు పోయినవారంతా మూస్తారన్న వార్త వినగానే ఎగబడ్డారు. ఆర్డర్లు వెల్లువెత్తాయి. ఆ గిరాకీ చూసి కంపెనీవారు మూసివేత వాయిదా వేశారు. ఆ హడావుడి ఎక్కువకాలం నిలవలేదు. 2011 జూలైలో కొలిమి ఆర్పివేశారు. అమ్మగారు చూసివచ్చిన రెండేళ్ళకే అది జరిగింది. ఫ్యాక్టరీ కట్టడాన్ని కూడా తరువాత కూల్చివేశారు. ఆ స్థలం పిల్లల బడికి పోయింది.

ఆ కబురు అమ్మాయి ఫోనులో చెప్పినప్పుడు అమ్మగారు ఆ పూట సరిగా అన్నం తినలేదని మాస్టారు చెప్పారు. తన తండ్రి మలారం దించేసిన రోజు గుర్తుకొచ్చిందట. "పోయాక దాచుకునేవాళ్ళు వెయ్యిమంది. ఉండగా కొనుక్కునేవాళ్ళు పదిమంది ఉంటే పోయేదే కాదు" అన్నారట. ఈ వ్యాసమంతటికీ సారం ఆ మాటే.

మన అటకల మీద

ఇది అమెరికా కథే కదా అనుకోనక్కరలేదు. ఆ జాతర గాజు పద్ధతి మన దేశానికీ వచ్చింది. ఫిరోజాబాద్‌లో జైన్ గ్లాస్ వర్క్స్ అనే కంపెనీ అదే నిగనిగతో మంచినీళ్ళ గ్లాసులు, కూజాలు, పూలకూజాలు చేసింది. చేప ఆకారం, ఏనుగు ఆకారం, పువ్వు పట్టుకున్న చెయ్యి ఆకారం పూలకూజాలు వారి ప్రత్యేకత. కొన్నింటిమీద ఇంగ్లీషు అక్షరాల్లో జైన్ అని ఉంటుంది. ఆ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. వాటికోసం ఇప్పుడు ఇంగ్లాండు, ఆస్ట్రేలియా, అమెరికా దేశాల్లో వెతుకుతున్నారు. ఇంట్లో నాయనమ్మ వాడిన కమలాపండు రంగు మెరుపు గ్లాసు ఏదైనా ఉంటే, పాతసామాన్లవాడికి వేసేముందు ఒకసారి అడుగు తిప్పి చూడమని పాఠకులకు మనవి.

మెరిసేవాటి సంగతి అలా ఉంచుదాం. మాస్టారి గ్రామంలోనే రెండు కుమ్మరి కుటుంబాలుండేవి. సారె ఆగిపోయి చాలాకాలమైంది. ఒక ఇంటివారు తెనాలిలో ఆటో నడుపుకుంటున్నారు. రెండో ఇంటి పెద్దాయన గుడిదగ్గర కూర్చుంటున్నారు. కార్తీకమాసంలో ప్రమిదలు కావాలంటే ఊరంతా తెనాలి బజారుకే పోతోంది. ఈ విలేకరి ఇంట్లోనూ అంతే. సారె తిరుగుతున్న రోజుల్లో మా ఇంట్లో స్టీలుబిందె కొన్నందుకు పండగ చేసుకున్నాము. ఇప్పుడు ఎండాకాలం వస్తే మట్టికుండ నీళ్ళు ఆరోగ్యమంటూ పొరుగూరి కుండ రెట్టింపు ధరకు కొంటున్నాము.

దాచడానికి కాదు, వాడటానికి

అమ్మగారు 2016లో కాలం చేశారు. సామాను తిరిగి అమెరికా తెస్తే అక్కడ అమ్మిపెడతానని ఒక బంధువు అన్నాడట. మాస్టారు ఒప్పుకోలేదు. హాలులో ఒక బీరువా చేయించి పెట్టారు. సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టినప్పుడు అమ్మగారు గాజుపిట్టను పై మెట్టుమీద ఉంచేవారు. ఆ అలవాటు కోసం ఇప్పటికీ వీధిలోని ఆడపిల్లలు వచ్చి కొలువు తీరుస్తున్నారు.

మొదట 38 ఉండగా ఇప్పుడు 31 ఎందుకయ్యాయని అడిగితే మాస్టారు నవ్వారు. ఆ వీధిలో పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళే పిల్లకు తలొకటి చొప్పున ఇస్తున్నారు. ఇప్పటికి ఏడుగురికి ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెబుతారు. బీరువాలో దాచవద్దు, కుంకుమో పసుపో పూలో ఏదో ఒకటి పోసి వాడమంటారు.

వాడితే పగిలిపోదా మాస్టారూ అని ఈ విలేకరి అడిగాడు.

"పగిలితే పగలనీ బాబూ. మీ అమ్మగారు గాజులవాళ్ళ పిల్ల. పగలకపోతే మా నాన్నకు బేరమెక్కడిది అనేది" అన్నారు.

పిడి విరిగిన బుట్ట మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. మేము లేచి వచ్చేటప్పుడు అది గుమ్మం పక్క బల్లమీద ఉంది. అందులో ఆ ఉదయం కోసిన మల్లెలున్నాయి.